పెదవులు కలిసిన మాట

లండన్,
14 జనవరి 1979

నాన్నా,

ముందు విషయం చెప్పేస్తాను. లేకపోతే మొదటి పేజీలో ఏమీ లేదని నువ్వు ఉత్తరం మడిచి మగ్గం దగ్గరికి పోతావు. మేం టీవీలో వస్తున్నాం. వచ్చే నెల రెండో తేదీ, శుక్రవారం సాయంత్రం, వార్తలయ్యాక మాంచెస్టర్ నుంచి వచ్చే ప్రోగ్రాంలో, చివరి పాట మాది. అది లండన్‌లో కనబడదు. అంటే ఇక్కడ నా స్నేహితులెవరూ చూడరు, మన హేజిల్‌డెన్‌లో మాత్రం ప్రతి ఇంట్లోనూ చూస్తారు. అందుకే భయం.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆ ప్రోగ్రాం చేసే ఆయన కొత్తగా లండన్ నుంచి అక్కడికి వెళ్ళినవాడు. మా మేనేజర్‌కి ఫోన్ చేసి, "బ్యాండు పేరు ఫెంట్స్ అంటున్నారు. అదేమైనా బూతా? పిల్లలు అన్నం తినే వేళ," అని అడిగాడట. మా మేనేజర్‌కీ తెలియదు. నన్నడిగాడు. "మా ఊరి సంతలో తానుల చివర మిగిలిన ముక్కలు చవగ్గా అమ్ముతారు, వాటిని ఫెంట్లంటాం," అన్నాను. "నిజం చెప్పు గ్వెన్, ఒంట్లో ఏ భాగం అది?" అన్నాడు. నువ్వొక కాగితం మీద రాసి పంపు నాన్నా. నీ దస్తూరీ చూస్తే ఎవరైనా నమ్ముతారు.

పాట పేరు 'నాడె ముద్దు'. అమ్మ మీద రాశాను. ఆ సంగతి అమ్మకు చెప్పకు. సరే, చెప్పు.

అమ్మ ఏమంటుందో నాకు కావాలి. నీ సంగతి తెలుసు, "బాగుందంది" అని ఒక ముక్క రాసి వాన గురించి మొదలుపెడతావు. అలా కాదు. అమ్మ అన్నది అన్నట్టు రాయి. మూడేళ్ళయింది నేను ఇల్లు వదిలి. నా పాట ఒక్కటైనా నచ్చిందని గాని నచ్చలేదని గాని ఆమె ఇంతవరకూ అనలేదు.

జుట్టు ఇప్పుడు ఆకుపచ్చ. అది కూడా చెప్పు, ముందే తెలిస్తే నయం.

నీ
గ్వెండా

హేజిల్‌డెన్,
18 జనవరి

అమ్మాయ్ గ్వెండా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ మంచు బాగా పడింది. లారీల సమ్మె వల్ల నూలు రావటం లేదు, షెడ్డులో సగం మగ్గాలు ఆగిపోయాయి. నడిచే మగ్గాలకు నాలాంటి మేస్త్రీ కావాలి, ఆగిన మగ్గాలకు అక్కర్లేదు. నూనె పెడుతూ తిరుగుతున్నాను.

ఫెంట్ల గురించి విడిగా రాసి జతచేశాను. అనుమానం రాకుండా ఒక ముక్క కూడా పిన్నుతో గుచ్చాను, నీలం గళ్ళది.

నేను చెప్పింది మీ బెస్సీ పిన్నికి ఒక్కదానికే. ఆమె తన మగ్గం దగ్గర నిలబడి అటు చివరి వాళ్ళకు పెదవులాడించింది. మన ఆడవాళ్ళ పెదవుల భాష, ఆ మీమా సంగతి నీకు తెలియనిది కాదు. మగ్గాల మోతలో మగవాళ్ళం చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు, వాళ్ళు ఇటు గోడ నుంచి అటు గోడకు పెదవులతో పెళ్ళిళ్ళు కుదుర్చుకుంటారు. టీ గంట కొట్టేసరికి షెడ్డంతా తెలిసిపోయింది. మేస్త్రీల మీద జోకు లేకుండా ఈ ఊళ్ళో ఏ వార్తా ముందుకు పోదు కాబట్టి బెస్సీ అన్నది కూడా రాస్తున్నాను. "ఏం మేస్త్రీ, నీ కూతురు టీవీలోకి వెళ్తోందట. ఆ రోజు వెనకమూత విప్పి వెతక్కు, పాపం, లోపల దొరకదు."

ఇక మీ అమ్మ. అన్నది అన్నట్టు: "ఆకుపచ్చా? కడిగితే పోతుందా? తింటోందా?"

పాట తన మీదేనని చెప్పాను.  తర్వాత సొరుగు తెరిచి మంచి కట్టుడు పళ్ళ సెట్టు బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ లోపల పెట్టింది.

మీ
నాన్న

లండన్,
4 ఫిబ్రవరి

నాన్నా,

చూశారా? చూసే ఉంటారు. నాకింకా చెవుల్లో మోగుతూనే ఉంది.

స్టూడియో మన మెథడిస్టు హాలంత కూడా లేదు. టీవీలో పెద్దదిగా కనిపించే గోడ అట్టముక్క. మాకంటే ముందు ఒక ముసలాయన గుమ్మడికాయంత ఉల్లిపాయ తెచ్చి చూపించాడు. ఆయన పోగానే ఆ బల్ల పక్కకు జరిపి డ్రమ్ములు పెట్టుకున్నాం. టై కట్టుకున్న ఒకాయన వచ్చి, నా మెడలో కుక్కగొలుసు చూసి, "అమ్మాయీ, అది తీసేస్తావా?" అన్నాడు. "ఇది మా నాన్నగారి కుక్కదండీ, పోయింది పాపం, గుర్తుగా పెట్టుకున్నా," అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి. మనకు కుక్క లేదని మన ఊళ్ళో ఎవరూ ఆయనకు చెప్పకుండా ఉంటే చాలు.

నీ ఫెంటు ముక్క పని చేసింది. దాన్ని ప్రోగ్రాం చేసే ఆయన తన ఆఫీసు గోడకు అంటించుకున్నాడట.

తర్వాత ఎర్రదీపం వెలిగింది. పాడాను నాన్నా. నిజంగా పాడాను, గొంతు చించుకుని. మైకు నోటికి ఆనించి, దాదాపు మింగేసి, కళ్ళు మూసుకుని, తల విదిలిస్తూ. ఆ మూడు నిమిషాలూ నాకు భయం లేదు. పదేళ్ళ వయసులో నేను టిఫిన్ డబ్బా తీసుకుని షెడ్డు తలుపు తోసినప్పుడు మోత మొహం మీద కొట్టేది చూడు, అలా ఉంది. ఈసారి ఆ మోత నాది.

అమ్మ ఏమంది?

గ్వెండా

హేజిల్‌డెన్,
7 ఫిబ్రవరి

అమ్మాయ్ గ్వెండా,

మంచు కరిగి బురదైంది. నూలు వచ్చింది.

అందరం చూశాం. బెస్సీ వాళ్ళ టేప్ రికార్డరు తెచ్చింది. దాని మైకును టీవీ స్పీకరుకు ఎదురుగా కుర్చీ మీద, దిండుకు ఆనించి పెట్టాం. చిలుక పంజరం మీద గుడ్డ కప్పాం. ఉల్లిపాయ ఆయన ఉన్నంతసేపూ బెస్సీ ఏదో అంటూనే ఉంది, అదంతా టేపులో పడింది. ఆ తర్వాత నువ్వు వచ్చావు. నువ్వు మన ఇంటి నుంచే వెళ్ళావంటే నమ్మకం కుదరనంత ధాటిగా ఉన్నావు. నేను కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు, పాట అయ్యేదాకా.

మాటలు మాత్రం సరిగా తెలియలేదు. టేపు మళ్ళీ వేసుకుని విన్నాం. ఒక చోట "మా అమ్మ పిల్లులు మీ చొక్కాల్లో ఉన్నాయి" అని బెస్సీ అంటుంది. "క్లారిస్‌కి పిల్లులంటే గిట్టవు గదయ్యా, అదేం పాట," అని మీ అమ్మ తరఫున నాతో వాదించింది. పిల్లులేనా? రాయి.

నువ్వు అన్నది అన్నట్టు రాయమన్నావు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీ అమ్మ మంచి పళ్ళు పెట్టుకుని, ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని, అందరికంటే ముందు కూర్చుంది. నువ్వు పాడటం మొదలుపెట్టాక కాసేపటికి, పాట మధ్యలో, లేచి వంటింట్లోకి వెళ్ళి కెటిల్ పెట్టింది. మళ్ళీ రాలేదు. టేపు చివర అంతా కెటిల్ ఈల ఉంది.

తర్వాత అడిగితే, "జుట్టు శుభ్రంగానే ఉంది," అంది.

మీ
నాన్న

లండన్,
3 మార్చి

నాన్నా,

చాలా రోజులు రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

ఉల్లిపాయ ముసలాయన ఉన్నంతసేపూ అమ్మ కూర్చుంది, నేను రాగానే లేచింది. అది చాలనట్టు ఈల వేస్తున్న కెటిల్‌ని దించను కూడా దించలేదు. మన ఇంట్లో ఎవరి మాటైనా ఆపాలంటే అమ్మ ఏం చేస్తుందో నాకు తెలుసు, ఏదో ఒక గిన్నె చప్పుడు చేస్తుంది. పోయిన ఆదివారం బెస్సీ పిన్ని ఇంటికి ఫోన్ చేశాను. పిన్ని వెళ్ళి అమ్మను పిలిచి వచ్చి, "చేతులకు పిండి అంటిందట తల్లీ," అంది. క్రిస్మస్ ముందు చేసినప్పుడూ పిండే. మీ ఇంట్లో అంత రొట్టె ఎవరు తింటున్నారు?

పిల్లులు కాదు నాన్నా. పళ్ళు. మొత్తం రాస్తాను, చూడు:

నాడె కంట్లో నూలు, నోటితో పీల్చు
పొద్దున ముద్దు, మాపున ముద్దు
మొగుడికి మిగలని ముద్దు
మా అమ్మ పళ్ళు మీ చొక్కాల్లో ఉన్నాయి
గుండీ పెట్టేటప్పుడు చూసుకోండి, కరుస్తాయి

కొత్త కండె పెట్టిన ప్రతిసారీ అటూ ఇటూ పరిగెత్తే నాడెకు ముద్దు పెట్టినట్టు నోరానించి, దాని కంట్లోంచి దారం పీల్చి పీల్చి అమ్మ పళ్ళన్నీ పుచ్చిపోతే, ఇరవై ఒకటో పుట్టినరోజుకి కానుకగా ఉన్నవన్నీ పీకించి సెట్టు కట్టించారు కదా. మన వీధిలో అందరి అమ్మలకూ అంతే. నేను ఆ సెట్టును గ్లాసులో చూస్తూ పెరిగాను. ఆ పళ్ళు ఎక్కడికి పోయాయని చిన్నప్పుడు అడిగితే, "బట్టలోకి," అంది అమ్మ. పాట మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది.

ఇప్పుడు విను. రికార్డు దేశమంతా అమ్ముడుపోతోంది. గురువారం సాయంత్రం వచ్చే పెద్ద పాటల ప్రోగ్రాంకు పిలిచారు, పదిహేనో తేదీకి. దేశం మొత్తం చూస్తుంది. కాని రెండు షరతులు. ఒకటి, అక్కడ ఎవరూ పాడకూడదు. రికార్డు వేస్తారు, మనం నోరు కదపాలి, చేతిలో పనిచెయ్యని మైకు పట్టుకుని. రెండు, భోజనాల వేళ పళ్ళు అంటే రోతగా ఉంటుందట. రికార్డు కంపెనీ వాళ్ళు 'పళ్ళు' తీయించి 'కలలు' అని నాచేత మళ్ళీ పాడించి, కొట్లలోకి కూడా ఇప్పుడు అదే పంపుతున్నారు. మా అమ్మ కలలు మీ చొక్కాల్లో ఉన్నాయి. అది వింటే నాకే వాంతి వస్తుంది.

మాకు ఒక్కటే నియమం ఉండేది, అబద్ధం ఆడకూడదని. మా గిటారు నిక్ అయితే, "నోరు కదపడమంటే బట్టలషాపు బొమ్మలా నిలబడటమే," అంటాడు. వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాం. సోమవారం పన్నెండున వాళ్ళకు చెప్పేస్తాను. అమ్మకు కెటిల్ పెట్టే శ్రమ తప్పుతుంది.

గ్వెండా

హేజిల్‌డెన్,
6 మార్చి

గ్వెండా,

వాన. దాని సంగతి తర్వాత.

నేను మీ అమ్మకు ఇచ్చిన మాట తప్పుతున్నాను. ఆమె అలిగితే నేను పడతాను.

మీ అమ్మకు వినపడదు. కొద్దిగా వినపడకపోవటం కాదు. పోయిన వేసవి నుంచి అసలు వినపడదు. అంతకుముందు మగ్గం మోతలో ఏ చిన్న తేడా వచ్చినా నాకంటే ముందు విని చెయ్యెత్తేది. ఇప్పుడు చెక్క మీద అరచెయ్యి ఆనించి చెబుతోంది. నలభై ఏళ్ళు ఆ షెడ్డులో ఉన్నవాళ్ళలో చాలామంది అంతే. మీమా వచ్చిన మనిషికి ఎదురుగా కూర్చుంటే లోటు తెలియదు. నువ్వు క్రిస్మస్‌కు వచ్చి వారం రోజులు ఉన్నావు, నీకు తెలియలేదు. ఒకరోజు నువ్వు అటు తిరిగి గిన్నెలు కడుగుతూ ఆమెను ఏదో అడిగావు. జవాబు రాలేదు. "సరే, చెప్పకులే," అన్నావు. ఆమె అదీ వినలేదు.

ఫోనుకు పెదవులుండవు. అందుకని పిండి.

నీకు ఎందుకు చెప్పకూడదో ఆమె నాతో అన్న మాట రాస్తాను. "తెలిస్తే అది నాతో అరవటం మొదలుపెడుతుంది. చెవిటి ముసలివాళ్ళతో అందరూ అరిచినట్టు. అరిచేవాళ్ళ మూతి వంకరపోతుంది, ఒక్క ముక్క చదవలేను. ఇప్పటికైతే నా కూతురు నాతో మామూలుగా మాట్లాడుతోంది."

ఆ శుక్రవారం ఆమె కుర్చీని టీవీకి ఎంత దగ్గరగా లాక్కుందంటే బెస్సీకి సగం తెర కనబడలేదు. నీ పాట చదవాలని. నువ్వు మైకును నోటికి అడ్డం పెట్టుకున్నావు. జుట్టు మొహం మీద పడింది. తల ఆగలేదు. కెమెరా గిటారు అబ్బాయి మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆమె అతని వేళ్ళు కాసేపు చూసి లేచింది. పాట అయ్యాక నేను వెనకాల వెళ్ళాను. కెటిల్ ఈల వేస్తోంది, ఆమె దాని పక్కనే నిలబడి గోడ చూస్తోంది. నేనే దించాను.

పాట రాసి చూపిస్తానన్నాను. "రాసిస్తే అది కొట్టు చీటీ అవుతుంది, పాట కాదు," అంది.

నువ్వు నోరు మాత్రం కదపటం అబద్ధమన్నావు. మీ స్నేహితులు చదువుకున్నవాళ్ళు, వాళ్ళ నియమం వాళ్ళకు ఉంటుంది. నాకు తెలిసింది ఒకటి చెబుతాను, ఎప్పుడూ చెప్పలేదు. నేను మీ అమ్మను పెళ్ళాడమని అడిగింది షెడ్డులో, రెండు మగ్గాల మధ్య నిలబడి. నాకు మీమా సరిగా రాదు. నేను 'పెళ్ళి' అంటే ఆమెకు 'మళ్ళీ' అని కనబడింది. మేస్త్రీ చెప్పాడు కదా అని దారం తెంపి మళ్ళీ ఎక్కించింది. మూడోసారికి షెడ్డంతా చదివేసింది, ఆమె తప్ప. చివరికి బెస్సీ అటు చివర నుంచి ఆమెకు తర్జుమా చేసింది. జవాబు కూడా అక్కడే వచ్చింది, పెదవుల మీద. అందులో ఒక్క శబ్దం లేదు. అబద్ధమూ లేదు.

అక్కడ మైకు ఎలాగూ పనిచెయ్యదంటున్నావు. పనిచెయ్యనిదాన్ని నోటికి అడ్డం పెట్టుకోవటం ఎందుకు?

ఆ మాట పళ్ళా, పిల్లులా, కలలా అన్నది ఆమెకు నేను చెప్పను. నీ నోటి నుంచే చూడాలి. వెళ్ళమని గాని వద్దని గాని నేననను. వెళ్తే జుట్టు వెనక్కి కట్టుకో.

మీ
నాన్న

లండన్,
11 మార్చి

నాన్నా,

గిన్నెల దగ్గర నేనేం అడిగానో గుర్తొచ్చింది. "అమ్మా, నా పాటలంటే నీకు సిగ్గా?" అని అడిగాను. అటు తిరిగి ఎందుకు అడిగానంటే, మొహం చూసి అడిగే ధైర్యం లేక.

వెళ్తున్నాం.

నిక్ ఒప్పుకోలేదు ముందు. "అమ్ముడుపోయావు గ్వెన్," అన్నాడు. "మా ఊళ్ళో ఆడవాళ్ళు రోజంతా మాట్లాడేది ఇలాగే, వాళ్ళను ఎవరు కొన్నారో చెప్పు," అన్నాను. నీ పెళ్ళి సంగతి చెప్పాను, కోప్పడకు. చాలాసేపు నవ్వి, "మీ నాన్న మూడుసార్లు అడిగాడా, సౌండు లేకుండా?" అన్నాడు. తర్వాత ఊరుకున్నాడు. మా డ్రమ్ముల టెరీ, "నేను ఎలాగూ గట్టిగా కొట్టకూడదంటున్నారు, ఊలు తెచ్చుకుని అల్లుకుంటా," అన్నాడు. తెచ్చుకునేటట్టే ఉన్నాడు.

నిన్న ప్రోగ్రాం ఆయన్ను కలిశాను. మైకు పట్టుకోనన్నాను. "మైకు లేకుండా పాడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. "నేను వాళ్ళతో మాట్లాడుతున్నాననుకుంటారు," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. కనీసం ఒంటి మీద ఎక్కడో ఒక చోట కనబడాలన్నాడు. సరే, ప్యాంటు వెనక జేబులో పెట్టుకుంటాను.

రోజూ అద్దం ముందు నిలబడి చేస్తున్నాను. చిన్నప్పుడు నేనూ బెస్సీ పిన్ని కూతురూ చర్చిలో ప్రార్థనప్పుడు మీమాలో పోట్లాడుకునేవాళ్ళం గుర్తుందా? చాలావరకు మర్చిపోయాను. దవడ నొప్పి పుడుతోంది. గొంతు చించుకున్నప్పుడు కూడా ఇంత నొప్పి లేదు.

రికార్డులోంచి 'కలలు' అనే వస్తుంది. దాన్ని నేను మార్చలేను. నా నోటికి మాత్రం ఎవరూ ఏమీ రాసివ్వలేదు. ఒక్కటే భయం, కెమెరా నా చేతిలో లేదు. మళ్ళీ నిక్ వేళ్ళ మీదికి పోతే ఆ ఒక్క మాటా పోతుంది. కెమెరా నడిపే ఆయన్ను బతిమాలాను. "నా పళ్ళు బాగుంటాయి, దగ్గర్నుంచి తియ్యండి," అన్నాను. "చూద్దాంలే," అన్నాడు.

అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టు. నాకు తెలుసని చెప్పకు. చెప్పినా నీ మీమా ఆమెకు అర్థం కాదులే.

గ్వెండా

హేజిల్‌డెన్,
16 మార్చి

అమ్మాయ్ గ్వెండా,

మీ అమ్మ ఇంట్లో చూడనంది. "పెద్ద టీవీ కావాలి," అని నేతగాళ్ళ సంఘం హాలుకు వెళ్దామంది. మేం వెళ్ళేసరికి షెడ్డు మొత్తం అక్కడే ఉంది. రిటైరైన వాళ్ళు కూడా వచ్చారు, చేతికర్రలతో. నన్ను చూసి బెస్సీ, "మేస్త్రీకి చోటివ్వండి, పాపం ఆయనకు చదువు రాదు, ఎవరైనా చదివి పెట్టండి," అంది. నాకు మీ అమ్మ పక్కన కుర్చీ ఇచ్చారు.

నీ పేరు చెప్పగానే మీ అమ్మ లేచి వెళ్ళి టీవీ సౌండు పూర్తిగా తగ్గించేసింది. వెనక నిలబడ్డ కుర్రకారు గోల చేశారు. "ఏంటమ్మా ఇది, పాట వినొద్దా?" బెస్సీ వెనక్కి తిరిగి, "నోర్ముయ్యండిరా, చదువుకోనివ్వండి," అంది.

అప్పుడు నువ్వు వచ్చావు. జుట్టు వెనక్కి కట్టుకున్నావు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. సూటిగా మా వైపు చూశావు. నీ నోరు తెరుచుకుంది. షెడ్డులో అటు గోడ నుంచి ఇటు గోడకు చెప్పేటంత పెద్దగా.

హాల్లో శబ్దం లేదు. తర్వాత వచ్చింది. నువ్వు ఒక్కొక్క మాటా అంటుంటే ఆడవాళ్ళు చదవటం మొదలుపెట్టారు, ముందు గొణుగుతున్నట్టు, తర్వాత అందరూ కలిసి. నాడె కంట్లో నూలు. నోటితో పీల్చు. మాలాంటి చదువు రానివాళ్ళ కోసం కాదు, వాళ్ళకు తెలియకుండానే. నీ పాట నేను మొదటిసారి సరిగా విన్నది అలా, ఆ ముసలివాళ్ళ గొంతుల్లో. మీ అమ్మ గొంతు ఆమెకు వినపడదు కాబట్టి అందరికంటే గట్టిగా ఉంది. బొంగురుగా, భయం లేకుండా ఉంది. నీ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇన్నాళ్ళకు తెలిసింది.

నువ్వు భయపడ్డ చోటు వచ్చింది. కెమెరా నీ మొహం మీదే ఉంది. ఆ పెద్దమనిషికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు. "మా అమ్మ" దాకా అందరూ కలిసి చదివారు. అక్కడ గొంతులన్నీ ఆగిపోయాయి. మీ అమ్మ ఒక్కతే అంది. "పళ్ళు."

వెనక నుంచి ఎవరో అమ్మాయి, "కాదండీ, మా ఇంట్లో రికార్డుంది, కలలు అని ఉంటుంది," అంది. బెస్సీ ఆ మాట మీ అమ్మకు పెదవులతో అందించింది. మీ అమ్మ తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా, "కలలు అనాలంటే పెదవులు కలవవు," అంది. "కలిశాయి. నేను చూశాను."

తర్వాత ఆమె చేసిన పని రాయాలా వద్దా అని ఆలోచించాను. అన్నది అన్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. లేచి, తన మంచి పళ్ళ సెట్టు రెండు వరసలూ నోట్లోంచి తీసి, టీవీ మీద పెట్టింది. వచ్చి కూర్చుంది.  బెస్సీ లేచి తనవి తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. నువ్వు పాట ముగించేసరికి నీ తల మీద, టీవీ పొడవునా, పళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. మళ్ళీ ఎవరివి వాళ్ళు వెతుక్కునేసరికి చాలాసేపు పట్టింది. బెస్సీ ఇవాళ పొద్దున కూడా తనవి తనవి కావేమోనని అనుమానపడుతోంది.

మీ డ్రమ్ముల అబ్బాయి ఊలు అల్లటం కూడా చూశాం. కుట్టు తప్పాడని ఆడవాళ్ళన్నారు.

ఇవాళ పేపర్లో ఒకాయన నువ్వు మైకు జేబులో పెట్టుకుని టీవీ వాళ్ళను వెక్కిరించావని, అది కొత్త తరం పొగరని రాశాడు. బెస్సీ ఆ పేజీ చింపి, చేపల పొట్లానికి పనికొస్తుందని దాచింది. నేను ఇంకో ప్రతి కొన్నాను.

పొద్దున షెడ్డులో మగ్గాలన్నీ తిరుగుతున్నాయి. నేను ఒక బెల్టు సరిచేసి లేచి చూస్తే, ఇటు గోడ నుంచి అటు గోడ దాకా అందరి నోళ్ళూ ఒకేసారి కదులుతున్నాయి. పని ఆపలేదు, ఒకరినొకరు చూసుకోవటం లేదు. మోతలో ఏమీ వినపడదు. నాకు మీమా రాదని నీకు తెలుసు. అయినా చదివాను.

నేను రోజూ వాతావరణం రాసుకునే పుస్తకం ఉంది కదా. నిన్నటి పేజీలో అది రాయటం మర్చిపోయాను. ఎండో వానో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావటం లేదు.

మీ అమ్మ తనూ ఒక కాగితం పెడతానంటోంది. చదవనివ్వటం లేదు.

మీ
నాన్న

(అదే కవరులో)

గ్వెండా,

మీ నాన్న చెప్పేశాడని నీ మొహం చూడగానే తెలిసింది. మేస్త్రీలకు నోరు తెరవటమూ రాదు, మూయటమూ రాదు.

నోరు బాగా తెరిచావు. దవడ నొప్పి పుట్టి ఉంటుంది, వెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించు. మొగుడికి ముద్దులు మిగల్లేదని పాడావు. అది తప్పు. మిగిలాయి. నువ్వెలా పుట్టావనుకున్నావు?

సిగ్గా అని అడిగావట. ఊళ్ళో అందరి ముందూ పళ్ళు ఊడదీసి టీవీ మీద పెట్టినదాన్ని, నాకెక్కడిది సిగ్గు?

రెండో చరణంలో ఒక చోట తల తిప్పావు. రెండు మాటలు పోయాయి. బెస్సీ ఏదో చెబుతోంది, దానికి అన్నీ పిల్లుల్లాగే కనబడతాయి. ఆ రెండు మాటలూ రాసి పంపకు. ఈ ఆదివారం బండెక్కి వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పు.

అరవకు.

అమ్మ